సోల్జర్ బీటిల్‌ని తెలుగులో ఏమనాలి?

మ్యూనిక్ అమ్మ: మా ఇంటి వెనక కాలిబాట పక్కన కొత్తిమీర పూతలాంటి తెల్ల గొడుగు పూలు పూస్తాయి. జూలై వచ్చిందంటే ఆ గుత్తుల మీద జంటలు జంటలుగా ఇటుకరంగు పురుగులు. రెక్కల కొస మాత్రం సిరాలో ముంచి తీసినట్టు నలుపు. శాస్త్రనామం రాగోనికా ఫుల్వా, ఇంగ్లీషులో సోల్జర్ బీటిల్. "తెలుగులో ఏమంటారమ్మా" అని మావాడు అడిగితే "సైనిక పురుగు" అని చెప్పేశాను. సరేనా?

బడిపంతులు: వద్దమ్మా. పొలం తెలిసినవాళ్ళకి ఆ మాట వింటే ఆర్మీవార్మ్ గుర్తొస్తుంది, పంట తినేసే గొంగళి. మీ పురుగు పేనుబంకని తింటుంది. బీటిల్‌కి మనకి పెంకుపురుగు ఉండనే ఉంది.

మ్యూనిక్ అమ్మ: పెంకెక్కడుంది మాస్టారూ! వేలితో తాకితే రెక్క తడిసిన అట్టలా వంగిపోతోంది. జర్మన్లు వైష్‌కేఫర్ అంటారు, మెత్త పురుగని.

పురుగుల పిచ్చి: అక్కా, ఆ మెత్తదనం ఈ కుటుంబమంతటి లక్షణం. కుటుంబం పేరు కాంథారిడే, లోకంలో సుమారు 5,000 జాతులు, మిణుగురులకి చుట్టాలు. తమాషా ఏమిటంటే గ్రీకులో కాంథారిస్ అంటే బొబ్బలు రేపే పురుగు. ఆ బొబ్బలు రేపే రసాయనం కాంథారిడిన్ వచ్చేది 'స్పానిష్ ఫ్లై' అనే పురుగు నుంచి, అది మెలోయిడే అనే వేరే కుటుంబం. ఇంటిపేరు ఒకరిది, కాపురం ఇంకొకరిది!

ఈ కుటుంబంలో జాతుల పేర్లు చాలావరకు రంగులే. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో పేరుపెట్టిన ఫుస్కా అంటే ముదురు, లివిడా అంటే కమిలిన రంగు. 1763లో స్కోపోలి పెట్టిన ఫుల్వా అంటే ఎర్రపసుపు. 1807లో ఫాలెన్ పెట్టిన రుస్టికా మాత్రం 'పల్లెటూరిది'. ఫుస్కా, రుస్టికా కవల పిల్లల్లా ఉంటాయి. మెడ పలక మీది నల్లమచ్చ ముందంచుని తాకితే, కాళ్ళు నల్లగా ఉంటే ఫుస్కా. మచ్చ నడిమధ్యన ఉండి తొడలకి ఎరుపు కనబడితే రుస్టికా.

బడిపంతులు: ఇవి యూరప్ అంతటా ఉంటాయా నాయనా?

పురుగుల పిచ్చి: ఫుల్వా దాదాపు అంతటా ఉంది మాస్టారూ, మనుషులతోపాటు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకీ చేరింది. ఇదే కుటుంబంలోని సిలిస్ రూఫికోలిస్‌కి చిత్తడి, రెల్లు కావాలి. పోడాబ్రస్ ఆల్పైనస్ పేరులో ఆల్ప్స్ ఉన్నా బ్రిటన్, స్కాండినేవియా అడవుల్లోనూ దొరుకుతుంది. మాల్థోడిస్‌లైతే కొన్ని మిల్లీమీటర్ల బుల్లివి. మధ్యధరా కొండల్లో చిన్న చిన్న చోట్లకే పరిమితమైనవి వాటిలో బోలెడు.

తాటిచెట్టు నీడ: సోల్జర్ అన్నది బ్రిటిష్ సైనికుల ఎర్రకోటు పోలికతో వచ్చిందట. నీలం, నలుపు తిరిగినవాటిని బ్రిటన్‌లో సెయిలర్లంటారు. అలాగైతే మనకి 'సిపాయి పురుగు' కుదురుతుంది. కంపెనీ సిపాయీలూ ఎర్రకోటే తొడిగారు. 18వ శతాబ్దంలో బెంగాల్‌లో సిపాయిని 'తిలంగా' అనేవారు, మొదట్లో మనవైపు నుంచి చేరినవాళ్ళని బట్టి. తిలంగా పురుగందామా?

బడిపంతులు: తిలంగా మనమే పెట్టుకుంటే మనల్ని మనం పురుగులనుకున్నట్టే! సిపాయికే నా ఓటు. పెంకు వదిలేద్దాం, ఆ తల్లి వేలితో తాకి చూసి చెప్పింది.

మ్యూనిక్ అమ్మ: మావాడు సిపాయి పురుగనే రాసుకున్నాడు. ఇప్పుడు కొత్త పేచీ. దీని లార్వా, అంటే పిల్లపురుగు, నల్లగా, ముఖమల్ గుడ్డలా ఉంటుంది, చలికాలంలో మంచు మీద కూడా పాకుతుంది. ఇక్కడ ష్నేవుర్మ్ అంటారు. దాన్ని మంచుపురుగంటే ఒప్పుకోడట, సిపాయి కొడుకుకి వేరే పేరు కావాలట.