కొరియా రొమ్ము క్యాన్సర్ సర్జరీ లెక్కలు: ఈ అంకెల్ని ఎలా చదవాలి?

జర్నల్‌క్లబ్_పీజీ:

నమస్కారమండీ. కొరియాలో రొమ్ము క్యాన్సర్ సర్జరీల తీరు, ఫలితాల మీద జర్నల్ క్లబ్‌లో చెప్పాల్సి ఉంది. పేపర్లు చదివేకొద్దీ ముడి బిగుసుకుంటోంది తప్ప విడట్లేదు.

2000 ప్రాంతంలో అక్కడ పది మందిలో ఏడుగురికి రొమ్ము మొత్తం తీసేసేవాళ్లు. 2010ల చివరికి లెక్క తిరగబడింది, మూడింట రెండు వంతుల మందికి రొమ్ము నిలిపే సర్జరీయే. మరి రీకన్‌స్ట్రక్షన్లు (తీసేసిన రొమ్ముని తిరిగి కట్టే సర్జరీలు) తగ్గాలి కదా? అవేమో 2015 నుంచి ఒక్కసారిగా పెరిగాయి. ఈ రెండూ ఎలా పొసగుతాయి?

రెండో సందేహం: అయిదేళ్ల సాపేక్ష మనుగడ (అదే వయసు మామూలు జనంతో పోల్చి కట్టిన మనుగడ) 1993–95లో 79 శాతం, 2016–20కి 93 దాటింది. ఇందులో సర్జరీ వాటా ఎంత అని ఎవరైనా అడిగితే ఏమనాలి? మూడోది, రొమ్ము నిలిపినవాళ్లు మాస్టెక్టమీ (రొమ్ము మొత్తం తీసేసే సర్జరీ) వాళ్ల కన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారని కొన్ని పేపర్లు అంటున్నాయి. పేషెంట్‌కి ఆ మాట అలాగే చెప్పొచ్చా?

రిజిస్ట్రీ_లెక్కలు:

ముందు ఏ పేపర్ ఏ ఖాతా మీద నడిచిందో చూడండి. సగం ముడి అక్కడే విడిపోతుంది.

మీరు చెప్పిన 79, 93 శాతాలు కొరియా సెంట్రల్ క్యాన్సర్ రిజిస్ట్రీవి. అది 1980లో మొదలై, 1999 నుంచి దేశం మొత్తాన్నీ పట్టుకుంటోంది. ఆ మనుగడ శాతాల్లో లెక్కకొచ్చేవి ఇన్వేసివ్ (పాల నాళం దాటి చుట్టుపక్కలకి పాకిన) క్యాన్సర్లు మాత్రమే. సర్జరీ శాతాలు ఎక్కువగా కొరియన్ బ్రెస్ట్ క్యాన్సర్ సొసైటీ 1996 నుంచి నడుపుతున్న రిజిస్ట్రీవి. ఆసుపత్రులు స్వచ్ఛందంగా నింపేది కాబట్టి దేశమంతా అందులో ఉండదు. కానీ స్టేజీ, రిసెప్టర్లు (గడ్డ హార్మోన్ రకమా, హెర్2 రకమా అన్నది), ఏ సర్జరీ చేశారు అన్నీ ఉంటాయి, డీసీఐఎస్ (నాళం దాటని ‘ఇన్ సైటు’ తొలి దశ) కూడా ఉంటుంది. 2019లో దేశంలో కొత్త కేసులు దాదాపు 30,000 అంటే అందులో 5,000 దాకా ఇన్ సైటువే. ఒక పేపర్ వాటిని కలిపి, ఇంకో పేపర్ తీసేసి లెక్క కడితే రెండు శాతాల్నీ పక్కపక్కన పెట్టడం కుదరదు.

మూడో ఖాతా ఆరోగ్య బీమా బిల్లులది. 2000 నుంచి అక్కడ బీమా సంస్థ ఒక్కటే కాబట్టి దాదాపు దేశమంతా దొరుకుతుంది. అయితే అందులో ఉండేది ఏం చేశారన్నదే, లోపల ఏం కనబడిందన్నది ఉండదు. గడ్డ సైజు, స్టేజీ, మార్జిన్ (తీసిన ముక్క అంచులో క్యాన్సర్ ఉందా అన్నది) ఏవీ రావు. బిల్లుల డేటాతో ‘స్టేజీకి సర్దుబాటు చేశాం’ అని ఎవరైనా రాస్తే, దేన్ని స్టేజీగా తీసుకున్నారో మెథడ్స్‌లో వెతకండి. కీమో ఇచ్చారా లేదా అన్నదాన్నే స్టేజీకి బదులు వాడేసిన పేపర్లు కనిపిస్తాయి. అది చాలా మొరటు కొలత.

ఇంకొకటి, పట్టికల్లో ‘పార్షియల్ మాస్టెక్టమీ’ అని ఉంటే అది రొమ్ము నిలిపే సర్జరీయే. పేరు చూసి అవతలి కాలమ్‌లో కలిపేసుకోకండి.

కత్తి_కుట్టు:

మొదటి సందేహానికి జవాబు లెక్క హారంలోనే ఉంది. రీకన్‌స్ట్రక్షన్ శాతాన్ని మొత్తం రోగుల మీద కట్టరు, మాస్టెక్టమీ అయినవాళ్ల మీద కడతారు. మాస్టెక్టమీలు తగ్గినా, అయిన వాళ్లలో ఎక్కువమంది అదే పూట రొమ్ము తిరిగి కట్టించుకుంటున్నారు. పైగా చర్మం, చనుమొన ఉంచి లోపలి కణజాలమంతా తీసే నిపుల్ స్పేరింగ్ సర్జరీ పట్టికలో మాస్టెక్టమీగానే పడుతుంది. పేషెంట్ దృష్టిలో రొమ్ము ఉన్నట్టే, రిజిస్ట్రీ దృష్టిలో పోయినట్టే.

ఈ నిపుల్ స్పేరింగ్ దగ్గర కొంచెం ఆగాలి. కొరియా ఫలితాలు బాగుండటానికి చేతి నైపుణ్యం ఎంత కారణమో రొమ్ము ఆకారమూ అంతే కారణం. చిన్నగా, పెద్దగా జారకుండా ఉన్న రొమ్ములో కోత నుంచి చనుమొన దాకా దూరం తక్కువ. కింది మడత దగ్గరో పక్కనో కోసినా చర్మపు పొర చివరిదాకా రక్తం అందుతుంది. పెద్దగా జారిన రొమ్ములో అదే పని చేస్తే ఆ పొర పొడుగవుతుంది, రెండో రోజుకి చనుమొన నీలం తిరుగుతుంది. పొర మరీ పల్చన చేస్తే చర్మం చస్తుంది, మందంగా వదిలితే గ్రంథి మిగిలిపోతుంది. చర్మం కింది కొవ్వుకీ గ్రంథికీ మధ్యనున్న సన్నని పొరని పట్టుకుని వెళ్లడమే అసలు పని. అందుకని నెక్రోసిస్ (చర్మం, చనుమొన చచ్చిపోవడం) శాతాలు ఎత్తి రాసేటప్పుడు రొమ్ము సైజు, జారుడు, పొగతాగే అలవాటు కూడా పక్కన రాయండి.

క్యాన్సర్ పరంగా చూస్తే, సియోల్‌లోని ఆసాన్ మెడికల్ సెంటర్ 2019లో ఇచ్చిన లెక్క పనికొస్తుంది. 962 రొమ్ముల్లో 39కి, అంటే సుమారు 4 శాతానికి, మొదటి రికరెన్స్ (తిరగబెట్టడం) చనుమొన దగ్గరే వచ్చింది. సగటున ఏడేళ్ల ఫాలోఅప్. ఒకటి కంటే ఎక్కువ చోట్ల గడ్డలు, హార్మోన్ నెగటివ్–హెర్2 పాజిటివ్ రకం, హై గ్రేడ్, డక్టుల వెంట విస్తరించిన ఇన్ సైటు భాగం ఉన్నవాళ్లలో ముప్పు ఎక్కువ. చనుమొన వెనక తీసిన ముక్క నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండటానికి లేదు.

రోబో సంగతి కూడా అడుగుతారు. చంక పక్కన ఒకే చిన్న కోతతో లోపలంతా తీయడంలో కొరియా బృందాలు ముందున్న మాట నిజం. కానీ రోబో ఖర్చు బీమాలోకి రాదు కాబట్టి చేయించుకునేవాళ్లు ఎంపికైన గుంపు. ఆ ఫలితాల్ని మామూలు నిపుల్ స్పేరింగ్‌తో పోల్చేటప్పుడు ఇది మరవకండి.

బీమా_కాలమ్:

2015 దగ్గర గ్రాఫ్ ఎందుకు ఎగిసిందో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మాస్టెక్టమీ తర్వాతి రీకన్‌స్ట్రక్షన్ జాతీయ బీమాలోకి వచ్చింది. మాస్టెక్టమీ అయినవాళ్లలో 2015లో అయిదింట ఒక వంతు ఉన్నది 2018కి సగం దాటింది. అయితే ఉచితం కాదు. క్యాన్సర్ రోగిగా నమోదైనవాళ్లు మామూలు చికిత్సకి 5 శాతమే కట్టుకుంటారు, రీకన్‌స్ట్రక్షన్‌కి మాత్రం 50 శాతం. మీ స్లయిడ్‌లో 2015 దగ్గర నిలువు గీత గీయండి, లేదంటే చూసేవాళ్లు సర్జన్ల మనసు మారిందనుకుంటారు.

2019 దగ్గర ఇంకో గీత. ఆ జులైలో అలర్గన్ తన గరుకు ఉపరితలపు బయోసెల్ ఇంప్లాంట్లని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఆగస్టులో ఇంప్లాంట్ చుట్టూ వచ్చే అరుదైన లింఫోమా కొరియాలో తొలిసారి బయటపడింది. ఆ తర్వాతి పేపర్లలో నున్నటి ఇంప్లాంట్లే ఎక్కువ కనిపిస్తాయి. ఇంప్లాంట్ చుట్టూ ఒళ్లు కట్టుకునే గుల్ల గట్టిపడటం, ఇంప్లాంట్ తిరిగిపోవడం లాంటి సమస్యల్ని 2019కి ముందూ తర్వాతా కలిపి చూడటం తప్పు. మాస్టెక్టమీ తర్వాత రేడియేషన్ పడ్డవాళ్లని కూడా విడిగా పెట్టాలి. గుల్ల గట్టిపడటానికి అంతకు మించిన కారణం లేదు.

జర్నల్‌క్లబ్_పీజీ:

హారం సంగతి నాకు తట్టనేలేదు, ధన్యవాదాలండీ. మార్జిన్, చంక విషయం కూడా ఎవరైనా చెబుతారా?

కత్తి_కుట్టు:

కొరియాలో చాలా కేంద్రాల్లో సర్జరీ మధ్యలోనే మార్జిన్‌ని ఫ్రోజెన్‌కి (ముక్కని అప్పటికప్పుడు గడ్డకట్టించి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకి) పంపుతారు. గడ్డ తీశాక కుహరం అంచుల నుంచి పల్చటి ముక్కలు తీసి, ఏ దిక్కుదో గుర్తు పెట్టి పంపడం, ఇరవై ముప్పై నిమిషాలు ఆగడం, పాజిటివ్ అంటే ఆ దిక్కున ఇంకో పొర తీయడం. రెండో సర్జరీ తప్పుతుందన్నదే లాభం. కొవ్వు సరిగ్గా గడ్డకట్టదు, ముక్క చిరుగుతుంది, అక్కడే డీసీఐఎస్ కన్నుగప్పుతుంది. అందుకే ఫ్రోజెన్ నెగటివ్ వచ్చినా చివరి రిపోర్టు పాజిటివ్ అయ్యే కేసులు ఉంటాయి. చిన్న రొమ్ములో ప్రతి అదనపు పొరా ఆకారాన్ని తినేస్తుంది. అయిదో వంతు పైగా పోతే మిగిలిన కణజాలాన్ని జరిపి సర్దడం కుదరదు, వీపు నుంచో పక్కటెముకల పక్కనున్న కొవ్వు నుంచో తెచ్చి నింపాలి. ఇన్వేసివ్‌కి ముక్క అంచున పూసిన సిరాని క్యాన్సర్ తగలకపోతే చాలు, డీసీఐఎస్‌కి 2 మి.మీ. ఎడం ఉండాలి అన్నది అంతర్జాతీయ ప్రమాణం. రిపోర్టు చదివేటప్పుడు ఈ రెంటినీ కలపకండి.

చంకకి వస్తే, నోడ్స్ (లింఫ్ గ్రంథులు) మొత్తం తీస్తే చెయ్యి వాపు అయిదుగురిలో ఒకరికి, సెంటినెల్ (క్యాన్సర్ ముందుగా చేరే కొద్దిపాటి నోడ్స్) మాత్రమే అయితే నూటికి అయిదారుగురికి అని అంతర్జాతీయ మెటా విశ్లేషణ చెబుతుంది. సియోల్ నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రి నడిపిస్తున్న నాటిలస్ ట్రయల్ ఇంకో అడుగు ముందుకేసి, రొమ్ము నిలిపే సర్జరీ వాళ్లలో అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా ఉంటే సెంటినెల్ కూడా మానేయొచ్చా అని చూస్తోంది. 1,734 మందితో డిజైన్ చేశారు.

ఆంకాలజీ_డ్యూటీ:

మిగిలిన రెండు సందేహాలకి నా వంతు.

79 నుంచి 93కి ఎదగడంలో సర్జరీ వాటా ఇంత అని అంకె చెప్పబోకండి. ఆ కాలంలోనే 40 దాటిన ఆడవాళ్లకి రెండేళ్లకోసారి మామోగ్రఫీ జాతీయ స్క్రీనింగ్‌లోకి వచ్చింది. ఇప్పుడు సర్జరీకి వచ్చేవాళ్లలో సుమారు 60 శాతం స్టేజీ 0, 1 వాళ్లే. ముందే పట్టుబడితే, మరణ తేదీ మారకపోయినా అయిదేళ్ల మనుగడ పెరిగినట్టే కనిపిస్తుంది. టాక్సేన్లు, ట్రాస్టుజుమాబ్, అరోమటేజ్ ఇన్‌హిబిటర్లు లాంటి మందులు కూడా ఆ కాలానివే. దూరానికి పాకిన దశలో ఇప్పటికీ అయిదేళ్ల మనుగడ సగం కన్నా తక్కువే. నిజానికి ఆ పాతికేళ్లలో కత్తి పని తగ్గుతూ వచ్చింది, మనుగడ మాత్రం తగ్గలేదు. సర్జరీ గొప్ప అక్కడుంది. చెయ్యి వాపు, భుజం బిగుసుకోవడం, మళ్లీ థియేటర్‌కి వెళ్లడం మనుగడ కాలమ్‌లో దొరకవు కదా.

వయసుని తప్పకుండా పెట్టండి. కొరియాలో ఎక్కువ కేసులు 40ల చివర్లో వస్తాయి, 40 లోపు వాళ్లు పది మందిలో ఒకరు. 35 లోపు వాళ్ల ఫలితాలు బాగా లేవని, ముఖ్యంగా హార్మోన్ పాజిటివ్ రకంలో, 2007లోనే కొరియా దేశవ్యాప్త డేటా చూపింది. తర్వాత ఆస్ట్రా ట్రయల్‌లో, కీమో అయ్యాక కూడా నెలసరి ఆగనివాళ్లకి హార్మోన్‌ని అడ్డుకునే టామోక్సిఫెన్‌తో పాటు రెండేళ్లు అండాశయాల్ని అణిచితే, అయిదేళ్లకి వ్యాధి లేకుండా ఉన్నవాళ్లు 87.5 నుంచి 91.1 శాతానికి పెరిగారు. ఇది కత్తితో వచ్చిన లాభం కాదు.

మూడో సందేహం: అలా చెప్పకండి. రొమ్ము నిలిపే సర్జరీకి ఎంపికయ్యేది గడ్డ చిన్నదైనవాళ్లు, వేరే జబ్బులు లేనివాళ్లు, రేడియేషన్‌కి వారాల తరబడి రాగలిగినవాళ్లు. బిల్లుల డేటాలో ఇవన్నీ కొలవలేరు. లాటరీ వేసి పోల్చిన ఎన్‌ఎస్‌ఏబీపీ బీ-06 ట్రయల్‌లో ఇరవై ఏళ్లకీ మనుగడ సమానమే. అయితే రేడియేషన్ మానేసినవాళ్లలో అదే రొమ్ములో 39 శాతానికి తిరగబెట్టింది, ఇచ్చినవాళ్లలో 14 శాతానికి. పేషెంట్‌కి చెప్పాల్సింది ‘రెండూ సమానం, రేడియేషన్ పూర్తి చేస్తేనే’ అని.

కత్తి_కుట్టు:

దీనికి ఒక చేర్పు. ముందు కీమో ఇచ్చి గడ్డ కరిగించే కేసుల్లో క్లిప్ (గడ్డ ఉన్న చోటికి గుర్తుగా పెట్టే చిన్న లోహపు ముక్క) పెట్టారో లేదో చూడండి. కీమోకి ముందే పెట్టకపోతే, గడ్డ పూర్తిగా మాయమైనప్పుడు ఎక్కడ కోయాలో తెలియదు, రొమ్ము నిలిపే అవకాశమున్న మనిషికి మాస్టెక్టమీ అవుతుంది. పట్టికలో అదీ మాస్టెక్టమీగానే పడుతుంది, కారణం మాత్రం రాయరు. పైగా హెర్2 నెగటివ్ వాళ్లలో మిగులు క్యాన్సర్ ఉందో లేదో తేల్చేది సర్జరీలో తీసిన ముక్క, అంటే స్పెసిమెన్నే. జపాన్, కొరియా కలిసి చేసిన క్రియేట్-ఎక్స్ ట్రయల్‌లో మిగులు ఉన్నవాళ్లకి కేపసిటబైన్ అనే కీమో మందు ఇస్తే, అయిదేళ్లకి వ్యాధి లేకుండా ఉన్నవాళ్లు 67.6 నుంచి 74.1 శాతానికి పెరిగారు. క్లిప్ ఉన్న భాగం స్పెసిమెన్‌లోకి రాకపోతే ఆ నిర్ణయానికే ఆధారం ఉండదు. స్పెసిమెన్ ఎక్స్‌రేలో క్లిప్ కనబడ్డాకే కుట్లు మొదలుపెట్టాలి.