లాస్ట్: విమానం కూలినప్పుడే అందరూ చనిపోయారా, ఐలాండ్ నిజమేనా? (స్పాయిలర్లు ఉన్నాయి)

నిశాచరి:
విమానం కూలి ఒక దీవి మీద చిక్కుకున్నవాళ్ల కథ, అమెరికన్ టీవీ సీరియల్ లాస్ట్, చివరి ఎపిసోడ్ 2010 మే 23న వచ్చింది. ఇన్నేళ్లయినా ఈ సీరియల్ మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు వచ్చి "ఆ, వాళ్లంతా మొదట్లోనే చనిపోయారంట కదా, అదంతా చచ్చాక లోకమంట కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చూడనివాళ్లు అంటే సరే, ఆరు సీజన్లు కూర్చుని చూసినవాళ్లు కూడా అదే మాట అంటున్నారు, అందుకే ఈ థ్రెడ్.

నా వాదన ఇదీ. ఐలాండ్ నిజం. అక్కడ జరిగినవన్నీ నిజం. అక్కడ చనిపోయినవాళ్లు అప్పుడే, అక్కడే చనిపోయారు. చచ్చాక లోకం అనేది ఆరో సీజన్‌లో పక్కన నడిచిన రెండో కథ ఒక్కటే, అదే ఫ్లాష్ సైడ్‌వేస్, వాళ్ల విమానం ఓషియానిక్ 815 కూలకుండా సిడ్నీ నుంచి వచ్చి లాస్ ఏంజెలెస్‌లో మామూలుగా దిగిపోతుంది చూడండి, అది.

రుజువు ఎక్కడో వెతకక్కర్లేదు, చివర్లో చర్చి సీన్‌లోనే ఉంది. కథానాయకుడు డాక్టర్ జాక్ తన తండ్రి క్రిస్టియన్‌ని పట్టుకుని నువ్వు నిజమేనా, నేను చనిపోయానా అని అడుగుతాడు. ఆయన ఏమంటాడు? నీకు జరిగిందంతా నిజమే అంటాడు. లోపల కూర్చున్నవాళ్లు కొందరు నీకంటే ముందు పోయారు, కొందరు నువ్వు పోయిన చాలా కాలానికి పోయారు అంటాడు. అందరూ విమానంలోనే పోయి ఉంటే "ముందు", "చాలా కాలానికి" అనే మాటలకి అర్థమేముంది చెప్పండి?

దానికంటే నాకు గట్టిగా అనిపించేది చర్చి బయట సీన్. దీవిలో ముందునుంచీ ఉన్నవాళ్ల నాయకుడు బెన్ ఒక్కడే బెంచి మీద కూర్చుని ఉంటాడు, విమానంలో వచ్చిన హర్లీ బయటికొచ్చి లోపలికి రమ్మంటాడు, బెన్ ఇప్పుడే రాను అంటాడు. అప్పుడు హర్లీ నువ్వు మంచి నంబర్ టూ అంటాడు, బెన్ నువ్వు గొప్ప నంబర్ వన్ అంటాడు. అంటే జాక్ చనిపోయాక వాళ్లిద్దరూ కలిసి ఏళ్ల తరబడి ఆ దీవిని చూసుకున్నారన్నమాట! ఆ కాలం మొత్తం మనకి చూపించలేదు, అయినా జరిగింది.

టెయిల్‌సెక్షన్:
నిశాచరి గారూ, చర్చి సీన్ గురించి మీరు చెప్పింది నేను కాదనను. కానీ జనం ఆ థియరీ పట్టుకున్నారంటే వాళ్లకి అర్థం కాక కాదు, సీరియలే వాళ్లని ఆ దారిలో పెట్టింది. ఎన్నిసార్లు పెట్టిందో చూడండి. మూడో సీజన్‌లో బయటినుంచి నవోమి అనే ఆమె పారాచూట్‌తో దిగుతుంది కదా, హర్లీ మేం 815 వాళ్లం అనగానే ఆ విమానం దొరికింది, ఎవరూ బతకలేదు, అందరూ పోయారు అంటుంది, అక్కడితో ఎపిసోడ్ అయిపోతుంది. అది చూసి వారం రోజులు ఆగిన ప్రేక్షకుడు ఇంకేం అనుకుంటాడు? ఆ తర్వాతి ఎపిసోడ్‌లోనే ప్రయాణికుల్లో ఒకడైన లాక్ తండ్రి కూపర్‌ని దీవి మీదున్న పాత ఓడలో కట్టేస్తారు, ఆయన నేను రోడ్డు మీద కార్ యాక్సిడెంట్‌లో ఉన్నాను, కళ్లు తెరిస్తే ఇక్కడ తేలాను, నా కొడుకు విమానం పసిఫిక్‌లో పడిపోయింది, వాడు చనిపోయాడు, మరి ఇది నరకం కాకపోతే ఏంటి అని ఇంకో ప్రయాణికుడు సాయర్‌ని అడుగుతాడు. ఆరో సీజన్‌లో ఎన్నో ఏళ్లుగా దీవిలోనే ఉంటున్న రిచర్డ్ కూడా అదే మాట, మనందరం చచ్చిపోయాం, ఇది నరకం అని.

ఇవన్నీ చాలవన్నట్టు చివరి ఎపిసోడ్‌లో జాక్ కన్ను మూశాక పేర్లు పడేటప్పుడు ఏం చూపించారు? ఖాళీ బీచ్, విమానం ముక్కలు, మనిషి జాడ లేదు. నేను ఆ రాత్రి అది చూసి ఓహో ఎవరూ బతకలేదు అని చెప్పడానికే ఇది పెట్టారు అనుకున్న లక్షల మంది తప్పు అనను.

నిశాచరి:
టెయిల్‌సెక్షన్ గారూ, మీరు చెప్పిన నాలుగూ మంచి పాయింట్లే, కానీ నాలుగింటికీ సమాధానం ఉంది.

చివరి బీచ్ షాట్ల సంగతి ముందు చూద్దాం, ఎక్కువ నష్టం చేసింది అదే కాబట్టి. అవి కథలో భాగం కాదు. ఏబీసీ ఛానల్ వాళ్లు ఎపిసోడ్ అయ్యాక నేరుగా వార్తల్లోకి వెళ్తే ప్రేక్షకుడికి కుదుపుగా ఉంటుందని మధ్యలో పాత సెట్ దృశ్యాలు పెట్టారు, ఆ తర్వాత గొడవ అయితే ఛానలే ఆ సంగతి చెప్పింది. సీరియల్ రాసిన డేమన్ లిండెలాఫ్, కార్ల్‌టన్ క్యూజ్ చెప్పిన కథలో అది లేదు. ఒక ఛానల్ ప్రేక్షకుల మీద దయతో పెట్టిన ఒక నిమిషం ఆరేళ్ల కథని చాలామందికి తారుమారు చేసింది, నాకు ఇప్పటికీ బాధ కలిగే విషయం ఇదే.

నవోమి మాట నాలుగో సీజన్‌లో తేలిపోయింది, సముద్రం అడుగున దొరికిన విమానం నకిలీది, శవాలు కూడా కావాలని తెచ్చి పెట్టినవే. కూపర్ తెలిసి చెప్పింది కాదు, అతని ఊహ. ఇక రిచర్డ్ విషయంలో మీరు మాట వరకు చెప్పి ఆగిపోయారు, అదే ఎపిసోడ్‌లో ఫ్లాష్‌బ్యాక్ గుర్తు చేసుకోండి. 1867లో బ్లాక్ రాక్ ఓడ దీవి మీద పడ్డాక రిచర్డ్ నేను చచ్చాను, ఇది నరకం అనుకుంటాడు, దీవిని కాపాడే జేకబ్ అతన్ని ఈడ్చుకెళ్లి సముద్రంలో ముంచుతాడు, పైకి లేపి ఇంకా చచ్చాననే అనుకుంటున్నావా అంటాడు, మళ్లీ ముంచుతాడు, మళ్లీ లేపుతాడు, ఊపిరాడక కొట్టుకుంటూ నాకు బతకాలని ఉంది అని అరిచేదాకా వదలడు. ఈ థియరీకి సీరియల్ రాసినవాళ్లు ఇచ్చిన జవాబు ఆ సీనే అని నా నమ్మకం. ప్రేక్షకుడి చెవిలో చెప్పకుండా ఒక మనిషిని నీళ్లలో ముంచి చూపించారు.

అపోలోబార్:
నాది మూడో వాదన. ఐలాండ్ నిజం, ఒప్పుకుంటా. కానీ సైడ్‌వేస్ చచ్చాక లోకం అని చివర్లో అతికించారు, మొదట అనుకున్నది ఇంకో టైమ్‌లైన్ అని నా అభిప్రాయం. ఐదో సీజన్ చివర్లో, కాలంలో వెనక్కి 1977కి వెళ్లినప్పుడు, విమానం అసలు కూలకుండా చేద్దామని సాయర్ ప్రేయసి జూలియట్ ఒక హైడ్రోజన్ బాంబుని రాయితో కొడుతుంది, స్క్రీన్ తెల్లగా అయిపోతుంది. ఆరో సీజన్ మొదలవగానే విమానం కూలదు, కెమెరా కిందికి దిగుతూ దిగుతూ వెళ్తే దీవి సముద్రం అడుగున ఉంటుంది. పైగా జూలియట్ చనిపోయాక, చనిపోయినవాళ్ల ఆలోచనలు వినగలిగే మైల్స్ ఆమె సమాధి దగ్గర ఆమె ఆఖరి ఆలోచన విని "పని చేసింది" అంది అని సాయర్‌కి చెప్తాడు. బాంబు పని చేసింది, ఇంకో లోకం పుట్టింది. ఇంతకంటే నేరుగా ఎలా చెప్తారు? అప్పుడు వారం వారం చూసిన ప్రతి ఒక్కరూ ఇదే అనుకున్నారు.

హ్యాచ్‌తలుపు:
అపోలోబార్ బ్రో, నీ పేరులోనే జవాబు ఉంది. చివరి ఎపిసోడ్‌లో హాస్పిటల్‌లో సాయర్ మెషీన్‌లో డబ్బులు వేస్తే అపోలో చాక్లెట్ ఇరుక్కుపోతుంది, డాక్టర్ జూలియట్ వచ్చి ప్లగ్ పీకి మళ్లీ పెట్టు, పడిపోతుంది అని చెప్తుంది, వాడు పీకుతాడు, లైట్లు పోతాయి, చాక్లెట్ పడుతుంది, అప్పుడు జూలియట్ "పని చేసింది" అంటుంది. చేతులు తగలగానే ఇద్దరికీ అంతా గుర్తొస్తుంది. ఆమె గోతిలో చనిపోతూ సాయర్‌తో మనం ఎప్పుడైనా కాఫీ తాగాలి అంటుంది, ఆ మాట కూడా ఇక్కడ మళ్లీ వస్తుంది. అంటే చనిపోతూ ఆమె చూసింది బాంబు ఫలితం కాదు, తర్వాత తాను చేరబోయే చోటు. సీజన్ మొదటి ఎపిసోడ్‌లో పెట్టిన మాట చివరి ఎపిసోడ్‌లో విప్పారు, దీన్ని అతికించారు అని ఎలా అంటావు?

అపోలోబార్:
మాట ఒకటే అయినంత మాత్రాన ముందే అనుకున్నారని రుజువు కాదు కదా అన్నా. మొదట్లో రాసిన డైలాగ్‌ని చివర్లో ఇంకో అర్థంతో వాడుకోవడం రైటర్లకి కష్టమేం కాదు. మరి నీళ్లలో మునిగిన దీవి సంగతేంటి? చచ్చాక లోకానికి ఆ షాట్ ఎందుకు? మనల్ని తప్పుదారి పట్టించడానికి తప్ప దానికి వేరే పని లేదు.

నిశాచరి:
ఆ షాట్ తప్పుదారి పట్టించడానికే, దాంట్లో దాచేదేం లేదు. కానీ బాంబు ఇంకో లోకం సృష్టించలేదని సీరియల్ జాక్ నోటితోనే చెప్పించింది. చివరి ఎపిసోడ్‌లో డెస్మండ్‌ని వెలుగు ఉన్న గుహలోకి దింపేముందు డెస్మండ్ ఇదంతా లెక్కలోకి రాదు, నేను ఇంకో చోటికి వెళ్తాను, అక్కడ మనమంతా బాగుంటాం అంటాడు, ఎందుకంటే వాడు ఆ సైడ్‌వేస్‌ని ముందే చూశాడు, అది పారిపోయి చేరుకోగల ఇంకో జీవితం అనుకుంటున్నాడు, అంటే అచ్చం మీ థియరీ! జాక్ ఏమంటాడు? నేనూ ఒకసారి అలాగే ప్రయత్నించాను, అడ్డదారులు లేవు, మళ్లీ మొదలుపెట్టడాలు లేవు, జరిగింది జరిగింది, ఇదంతా లెక్కలోకి వస్తుంది అంటాడు. ఆ "ప్రయత్నించాను" అన్నది బాంబు గురించే.

అందుకే నేను ఇంత పట్టుబట్టేది. అంతా చచ్చాక లోకమే అనుకుంటే చార్లీ నీళ్లలో మునుగుతూ డెస్మండ్‌కి కనపడాలని అరచేతి మీద హెచ్చరిక రాసి అద్దానికి ఆనించి పెట్టిన చెయ్యికి విలువ లేదు. సన్, జిన్ సబ్‌మెరైన్‌లో చేతులు పట్టుకుని ఉండిపోవడానికి విలువ లేదు. జాక్ వెదురు తోటలో పడుకుని పైన ఎగిరిపోతున్న అజీరా విమానాన్ని చూసి కళ్లు మూస్తాడు, అందులో కేట్, సాయర్, క్లెయిర్ బతికి వెళ్తున్నారు కాబట్టే వాడి మొహంలో ఆ తృప్తి.

మడతనవల:
అందరూ ఐలాండ్ నిజమా కాదా దగ్గరే ఆగిపోయారు, అసలు సీరియల్‌ని నిలదీయాల్సింది వేరే చోట అని నా ఉద్దేశం. ఆడమ్, ఈవ్. మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్‌లో గుహలో రెండు అస్థిపంజరాలు దొరుకుతాయి, పక్కన ఒక నల్లరాయి, ఒక తెల్లరాయి. జాక్ బట్టలు పాడైన తీరు చూసి నలభై యాభై ఏళ్లు అయ్యుంటుంది అంటాడు. జాక్ డాక్టర్ అండి, దారిన పోయేవాడు కాదు. దాని మీద ఆరేళ్లు ఎన్ని థియరీలు పుట్టాయో. విమానంలోని దంపతులు రోజ్, బెర్నార్డ్ అని చాలామంది, జాక్, కేట్ అని కొందరు. రోజ్ బెర్నార్డ్ థియరీ ఎంత బాగుందంటే ఐదో సీజన్‌లో వాళ్లు 1977లో అడవిలో గుడిసె వేసుకుని ఇక మేం ఎక్కడికీ రాం అని కూర్చుంటారు, అంతా సరిపోయింది అనిపించింది. చివరి ఎపిసోడ్‌లో ఇద్దరూ కుక్క విన్సెంట్‌తో సహా 2007లో బతికే కనిపిస్తారు, ఆ థియరీ అక్కడితో సరి.

మరి జవాబుగా ఏం ఇచ్చారు? జేకబ్ తమ్ముడు, వాళ్లని పెంచిన తల్లి. మనుషులు లాటిన్ మాట్లాడే కాలం. అంటే వందల ఏళ్లు కూడా కాదు, దాదాపు రెండు వేల ఏళ్లు. మరి రెండు వేల ఏళ్లకి బట్ట మిగులుతుందా, ఆ నలభై యాభై ఏళ్ల లెక్క ఎవరి కోసం చెప్పించారు? ఆడమ్ ఈవ్ ఎవరో మాకు మొదటినుంచీ తెలుసు అని రాసినవాళ్లు చెప్పుకుంటూ వచ్చారు కాబట్టి అడుగుతున్నా. రాళ్లు ముందే అనుకున్నారు, నమ్ముతా. ఆ మనుషులు ఎవరన్నది మాత్రం తర్వాత తేల్చుకున్నారు.

హ్యాచ్‌తలుపు:
జాక్ అంచనా తప్పు అయ్యుండొచ్చు కదా, ఆ గుహలో గాలి తేమ ఏంటో వాడికేం తెలుసు.

మడతనవల:
ఒక పాత్ర తప్పు చెప్తే కథలో ఎక్కడో అది తప్పని తెలియాలి అన్నా. నవోమి మాట అబద్ధమని నాలుగో సీజన్‌లో చూపించారు, రిచర్డ్ నమ్మకం తప్పని నీళ్లలో ముంచి చూపించారు, నిశాచరి గారు చెప్పిందే. జాక్ లెక్క తప్పని ఎవరూ ఎక్కడా చెప్పలేదు. పైగా ఆ ఆరో సీజన్ ఎపిసోడ్‌లో మొదటి సీజన్ గుహ సీన్ ముక్కలు మళ్లీ వేశారు, జవాబు ఇదిగో అని చూపించడానికి.

టెయిల్‌సెక్షన్:
మడతనవల గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తా. విమానంలోని పిల్లాడు వాల్ట్ సంగతీ ఇంతే, రెండు సీజన్లు ఆ పిల్లాడిలో ఏదో ప్రత్యేకం ఉంది ప్రత్యేకం ఉంది అని పెంచి, కథలో గడిచింది నెలలే అయితే నటించిన అబ్బాయి ఏడాదికేడాది పొడుగైపోతుంటే పక్కన పెట్టేశారు.

నిశాచరి:
వాల్ట్ విషయంలో డీవీడీతో వచ్చిన పన్నెండు నిమిషాల అదనపు భాగం చూడండి, బెన్ వెళ్లి శాంటా రోసా హాస్పిటల్ నుంచి వాల్ట్‌ని తీసుకొస్తాడు, బయట వ్యాన్‌లో హర్లీ ఉంటాడు, నీకు అక్కడ పని ఉంది అంటాడు. ఆలస్యంగా ఇచ్చిన జవాబు, టీవీలో వెయ్యాల్సింది. కానీ నా అసలు వాదనకి అదీ సాక్ష్యమే, జాక్ పోయాక హర్లీ, బెన్ బతికి ఉన్నారు, దీవి ఉంది, పని నడుస్తోంది. మడతనవల గారి గుహ ప్రశ్నకి నా దగ్గర సమర్థన లేదు, అది రాసినవాళ్ల లోపమే, దాని మీద ఎంతైనా తిట్టండి నేనూ మీ పక్కనే ఉంటా, కానీ అందరూ మొదటి రోజే చచ్చిపోయారు అనే మాట మాత్రం సీరియల్ చెప్పని మాట.