తోటి పిల్లల వ్యాసంలో అక్షరదోషాలు పిల్లలతోనే దిద్దించాలా?

నల్లగొండ తెలుగు సార్:
ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఒకరి వ్యాసం ఇంకొకరితో చదివించి అభిప్రాయం రాయించే పద్ధతి మీద మన టీచర్లలో రెండు వాదాలు నడుస్తున్నయి. తప్పులు కూడ వాళ్లతోనే దిద్దించాలె అని కొందరు, విషయం మీద మాత్రమే చెప్పించాలె అని కొందరు. నా ఓటు దిద్దించడానికే. తరగతిల నలభై మంది ఉంటే నలభై వ్యాసాలు ఒక్క టీచరు అక్షరమక్షరం ఎన్నడు చూడాలె? పక్కోని ఒత్తు తప్పు పట్టినోడు రేపు తన ఒత్తు కూడ చూసుకుంటడు.

పాలమూరు సోషల్ మేడమ్:
సార్, దిద్దుడు మొదలైతే చదువుడు ఆగిపోతది. మన పాలమూరు దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి మీద వ్యాసం ఇచ్చినమనుకోండి. ఒక పిల్ల ఇట్ల రాస్తది: "పిల్లలమర్రి చాలా పెద్ద చెట్టు. దానికి చెదలు పడితే సెలైన్ పెట్టారు. విధ్యార్థులు, పెద్దలు అందరు భాద పడ్డారు." ఎర్రపెన్ను పట్టినోడు "విద్యార్థులు", "బాధ" అని సవరించి నోట్‌బుక్ వాపస్ ఇస్తడు. పని అయిపోయిందనుకుంటడు. కాని అసలు ఇబ్బంది రెండో వాక్యంల ఉంది. చెట్టుకు సెలైన్ ఏంది? ఎక్కడ గుచ్చిన్రు? సీసాల ఏమున్నది?

"నేను రెండో వాక్యం దగ్గర ఆగిన. చెట్టుకు సెలైన్ ఎట్ల పెడతరు?" అని తోటి పిల్ల ఒక్క ప్రశ్న రాస్తే చాలు. జవాబు వెతికితే కొత్త పేరానే వస్తది: 2018లో చెదలను చంపేటందుకు క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుల మందు నీళ్లల్ల కలిపిన్రు, చెట్టుకు రంధ్రాలు చేసి పోస్తే మందు బయటికి కారింది, అందుకే సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించిన్రు. వాలిన కొమ్మల కింద స్తంభాలు కట్టిన్రు. వ్యాసంల చదవదగ్గ ముచ్చట ఇదే. ఎర్రపెన్ను దీన్ని బయటికి తియ్యలేదు.

దేవరకొండ ఇంగ్లిష్ సార్:
మేడమ్ చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. దిద్దేవాడికి అన్నీ వచ్చని ఎవరన్నారు? "బాధ" అని సరిగ్గా రాసినదాన్ని "భాద" చేసేవాళ్లు ప్రతి తరగతిలో దొరుకుతారు. "అర్థం" కొట్టేసి "అర్ధం" రాస్తారు. ఇంకా పెద్ద నష్టం, "చెట్టు కింద బువ్వ తిన్నం" అన్న వాక్యాన్ని "భోజనం చేశాము" అని మార్చేస్తారు. రాసిన పిల్లకు తన ఇంటి మాటే తప్పనిపిస్తుంది, మళ్లీ రాయదు.

ఇద్దరిద్దరిని జతచేయకండి. "నాది బాగుందను, నీది బాగుందంటా" అనే ఒప్పందం రెండు నిమిషాల్లో కుదురుతుంది. ముగ్గురిని కూర్చోబెట్టి నోట్‌బుక్కులు ఒకే దిక్కున తిప్పాలి. ఒకరు ఎవరి నోట్‌బుక్ చదువుతారో, ఆ పిల్లలు తిరిగి వీళ్లది చదవరు, కాబట్టి బదులు తీర్చుకోవడం ఉండదు. మొదటి ర్యాంకు పిల్లలందరినీ ఒకే గుంపులో వేయొద్దు.

అచ్చంపేట లెక్కల సార్:
మార్కులు వేయిస్తే సరిపోదా? పదికి ఇంత అని.

దేవరకొండ ఇంగ్లిష్ సార్:
వద్దు సార్. పదికి ఏడు వచ్చిందంటే పిల్లవాడు అంకె చూసి నోట్‌బుక్ మూసేస్తాడు. కింద ఏం రాశారో చదవడు. పైగా దోస్తుకు తొమ్మిది, పడనివాడికి నాలుగు.

పాలమూరు సోషల్ మేడమ్:
నలభై నిమిషాల పీరియడ్‌ల ఎట్ల సరిపెట్టాలె అని అడుగుతరు కాబట్టి చెప్తున్న. మొదటిసారి చదివేటప్పుడు చేతిల పెన్ను, పెన్సిల్ ఏదీ ఉండొద్దు. ఏడెనిమిది నిమిషాలు, మాట్లాడకుండ. రెండోసారికి పెన్సిల్ ఇయ్యాలె. మనసుల నిలిచిన ఒక్క వాక్యం కింద గీత, అర్థంకాని చోట ప్రశ్న గుర్తు. తర్వాత నోట్‌బుక్ మీద కాకుండ విడి చీటీ మీద మూడు వాక్యాలు రాయాలె: ఏది గుర్తుంది, ఎక్కడ ఆగిన, ఇంకేం తెలుసుకోవాలనుంది. "బాగుంది" అని రాస్తే ఏ వాక్యమో చెప్పాలె, లేకుంటే చీటీ వాపస్. దస్తూరి గురించి మాట్లాడొద్దని ముందే చెప్పాలె. చెప్పకుంటే సగం చీటీల్ల అదే ఉంటది. రాసిన పిల్ల అప్పుడే జవాబు చెప్పొద్దు. చెప్పనిస్తే వాదులాట మొదలైతది, పీరియడ్ అక్కడ్నే ఖతం. చివరి పది నిమిషాలల్ల ఒక్క పేరా మాత్రం తిరిగి రాయాలె. వ్యాసం మొత్తం రాయమంటే ఎవరు రాయరు.

నల్లగొండ తెలుగు సార్:
మేడమ్, సెలైన్ సంగతి ఒప్పుకుంటున్న. కాని ఒత్తులు ఎప్పుడు నేర్వాలె? పదో తరగతి జవాబు పత్రం దిద్దే సార్ "ఎక్కడ ఆగిన" అని చీటీ రాయడు, మార్కు కోస్తడు. మొదటి ప్రతిల విషయం చూడనియ్యండి. తిరిగి రాసిన పేరాల దోషాలు చూపించాలె. ఒక పీరియడ్‌కు ఒకే రకం: ఈ వారం ఒత్తులు, వచ్చే వారం ల-ళ. చదివినోడు గీత మాత్రం గీస్తడు, సరైన అక్షరం రాయడు. రాసినోడే వాచకం తీసి చూసుకుంటడు. అప్పుడు ఇంగ్లిష్ సార్ చెప్పిన "భాద" భయం ఉండదు. తప్పుగ గీత పడ్డా పుస్తకంల తేలిపోతది. ఇట్ల తిరిగి రాసిన పేరాను ఫార్మేటివ్‌ల, అంటే ఏడాది మధ్యల బడిలనే చేసే మూల్యాంకనంల, రాతపనుల కింద చూసుకోవచ్చు, వేరే సమయం అక్కర లేదు.

పాలమూరు సోషల్ మేడమ్:
గీత వరకైతే సరే సార్. మరి బువ్వ, అంగడి లాంటి మాటల కింద గీత పడొద్దని కూడ ముందే చెప్పాలె. ఇంకోటి, చీటీ మీద రాసినోళ్ల పేరు ఉండాలె. పేరు లేకుంటే వెక్కిరింతలు మొదలైతయి, ముఖ్యంగా కొత్తగ చేరిన పిల్లల మీద. పంచేముందు టీచరు చీటీలన్ని ఒకసారి తిరగెయ్యాలె.

అచ్చంపేట లెక్కల సార్:
పేరుంటే మొహమాటానికి మెచ్చుకోళ్లే రాస్తరు కద మేడమ్.

పాలమూరు సోషల్ మేడమ్:
రాస్తరు సార్. అందుకే ప్రశ్న లేని చీటీ తీసుకోవద్దంటున్న. "సెలైన్ సీసాల ఏమున్నది?" అని అడిగితే ఎవరి మొహం చిన్నగైతది?