1911 పిస్టల్‌లో స్ప్రింగ్‌లు మార్చాక కాల్చిన తూటాల ఖాళీ కేసులు (తొడుగులు) ఇరుక్కుంటున్నాయి, ఏం చేయాలి?

టెక్సాస్‌లో ఉంటాను. టార్గెట్ షూటింగ్ కోసం 5 అంగుళాల బ్యారెల్ ఉన్న .45 ఏసీపీ (తూటా రకం) 1911 వాడుతున్నాను. ట్రిగ్గర్ తేలిక అవుతుందని 23 పౌండ్ల మెయిన్ స్ప్రింగ్ (హ్యామర్‌ను ముందుకు నెట్టేది) తీసి 19ది వేశాను. హ్యామర్ ఒత్తిడి తగ్గితే స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) త్వరగా తెరుచుకుంటుంది కదా, దానికి సరిపోతుందని రీకాయిల్ స్ప్రింగ్ (వెనక్కి వెళ్లిన స్లయిడ్‌ను తిరిగి ముందుకు తెచ్చేది) కూడా 16 నుంచి 18.5 పౌండ్లకు మార్చాను. ట్రిగ్గర్ నిజంగా బాగుంది, అది వదులుకోవాలని లేదు.

కానీ 230 గ్రెయిన్ బాల్ (గుండ్రటి మొన, పూర్తి లోహపు తొడుగు ఉన్న మామూలు బుల్లెట్) తూటాలతో 50 కాలిస్తే మూడు నాలుగుసార్లు ఖాళీ కేసు స్లయిడ్‌లో నిలువుగా ఇరుక్కుంటోంది. చివరి తూటా తర్వాత స్లయిడ్ వెనక్కి నిలబడటం లేదు. ఆరేడు అడుగుల దూరం పడే కేసులు ఇప్పుడు రెండడుగుల్లోనే పడుతున్నాయి.

శుభ్రం చేసి ఆయిల్ వేశాను, మూడు మ్యాగజైన్లు మార్చాను. పట్టు వదులేమోనని అనుభవం ఉన్న మిత్రుడితో కాల్పించినా అంతే. కొత్త 16 పౌండ్ల రీకాయిల్ స్ప్రింగ్ వేస్తే ఇరుక్కోవడం పోయింది, కానీ కేసులు పన్నెండు అడుగులు ఎగురుతున్నాయి, స్లయిడ్ వెనక్కి గట్టిగా కొట్టుకుంటోంది. ఫ్రేమ్ దెబ్బతింటుందేమోనని టెన్షన్.

19 పౌండ్ల మెయిన్ స్ప్రింగ్ అలాగే ఉంచి, ఇవే తూటాలకు ఎన్ని పౌండ్ల రీకాయిల్ స్ప్రింగ్ వేస్తే మీకు సరిగ్గా పనిచేసింది?