ఫురుఇకె 'య'నా, 'యా'నా?

టోక్యో టికెట్: మార్చిలో జపాన్ వెళ్తున్నాం, ఈలోపు అక్కడి సాహిత్యం కాస్తయినా చదువుకుందామని హైకూ కవి బషోని పట్టుకుని కూచున్నా. టోక్యోలో కియోసుమి తోటలో ఆయన కప్ప హైకూ చెక్కిన రాయి ఉంది కదా, దాని ముందు నిలబడి "ఫురుఇకె యా, కవజు తొబికొము, మిజు నొ ఒతొ" అని ఒకసారి, తెలుగులో ఒకసారి చదవాలని కోరిక. ఎప్పుడో చదివిన అనువాదం "పాత కొలను, కప్ప దూకింది" దాకా గుర్తొస్తోంది, చివర 'నీటి సవ్వడి'యా 'నీళ్ల చప్పుడా' తేలట్లేదు. ఎవరిదో ఎవరికైనా తెలుసా?

గురులఘువు: ముందు ఆ 'యా' సంగతి చూడాలండీ. అది హ్రస్వం, 'య'. హైకూ మూడు పాదాలకీ 5-7-5 అంటే మనం అక్షరాలనుకుంటాం గానీ వాళ్ల లెక్క మన మాత్రలకి దగ్గర. టోక్యో మనకి రెండక్షరాలు, వాళ్లకి తొ-ఒ-క్యొ-ఒ, నాలుగు. ఫు-రు-ఇ-కె-య ఐదూ లఘువులే, చివర దీర్ఘం చేస్తే ఆరై పాదం చెడుతుంది.

పద్యప్రియ: లెక్క సరే, కానీ అది 'కిరెజి', అంటే తుంచే మాట, అక్కడ ఆగాలి, ఆ ఆగడమే చెవికి దీర్ఘంలా ఉంటుంది. మన యతి లాంటిదే.

గురులఘువు: తెలుగు యతి అక్షరమైత్రి కదండీ, విరామం కాదు. మీరు చెప్పేది సంస్కృత యతి.

పద్యప్రియ: సంస్కృతమే అనుకోండి. అర్థంలో మాత్రం అది సంబోధన, "ఓ పాత కొలనా" అన్నట్టు. జపాన్ భాషావేత్త సుసుము ఓనో జపనీసుకీ తమిళానికీ చుట్టరికం ఉందన్నాడు, ఆ లెక్కన మన 'ఓయి'తో కలిపి చూడొచ్చు.

పెరటి జామ: ఓనో వాదాన్ని భాషాశాస్త్రజ్ఞులు ఎక్కువమంది ఒప్పుకోలేదండీ. పైగా కొలనుని పిలిస్తే కవిత అంతా పిలుపే అయిపోతుంది, "పాత కొలను" అని ఊరుకోవాలి. అసలు పట్టు 'కవజు'లో ఉంది. కప్పకి వాడుక మాట 'కఎరు', కవజు కవుల మాట. పదో శతాబ్దం నాటి జపనీసు కవితల సంకలనం కొకిన్‌షూ ముందుమాటలోనే పూలలో పిట్ట పాటా, నీళ్లలో కవజు గొంతూ ఉన్నాయి, అప్పట్నుంచీ కవుల కప్ప అంటే కూసే కప్పే. 1686లో బషో ఆ గొంతు తీసేసి దాన్ని దూకించాడు. శిష్యుడు కికకు మొదటి పాదంలో యమబుకి అనే పసుప్పచ్చ పూలు పెట్టమన్నాడని, ఈయన పాత కొలనే ఉంచాడని చెప్తారు, ఎంత గొప్ప నిర్ణయమో చూడండి.

చెట్టునీడ: గొంతు తీసేయడం అనగానే మా కవి ఇస్మాయిల్ గారే. ఆయన హైకూల పుస్తకం పేరే 'కప్పల నిశ్శబ్దం'! కాకినాడలో తత్వశాస్త్రం చెప్పిన మనిషి, మాట ఎక్కడ ఆపాలో ఆయనకి తెలిసినట్టు తెలుగులో ఇంకెవరికీ తెలీదని నా గట్టి నమ్మకం, హైకూ రాద్దామనుకునేవాళ్లు లెక్కలు పక్కనపెట్టి ముందు ఆయన్ని చదవాలి.

టోక్యో టికెట్: చదువుతానండీ, తప్పకుండా. మరి సవ్వడా, చప్పుడా?

పెరటి జామ: చప్పుడే. 'ఒతొ' మామూలు శబ్దం, సవ్వడి అంటే అప్పుడే సింగారించినట్టు.

గురులఘువు: టాగూరు 1916లో జపాన్ వెళ్లాక దీన్ని బెంగాలీ చేస్తూ క్రియే లేకుండా చేశాడు, పాత కొలను, కప్ప గెంతు, నీటి శబ్దం, మూడూ నామాలే. 'దూకింది' దగ్గరే మన అనువాదం బరువెక్కింది.

పద్యప్రియ: కప్ప ఒకటేనని ఎలా అంటాం? జపనీసులో ఏకవచనమో బహువచనమో మాటలో తెలీదు, జపాన్‌లో స్థిరపడ్డ రచయిత లఫ్కాదియో హెర్న్ ఇంగ్లీషులో 'కప్పలు' అనే రాశాడు.

పెరటి జామ: పది కప్పలు దూకితే అది చప్పుళ్లు అవుతుంది కదండీ, ఒక్కటే, ఒక్కసారే.

పద్యప్రియ: ఒకదాని వెనక ఒకటి దూకితే?