టి.నగర్‌లో ఈ పేర్లు ఎవరివి?

ప్రశ్న (నెల్లూరు కుర్రాడు):
ఉద్యోగం కోసం చెన్నై టి.నగర్ వచ్చి మూడు నెలలైంది. రోజూ పానగల్ పార్క్ దగ్గర బస్సు దిగుతాను. త్యాగరాయ నగర్ అంటే త్యాగరాజస్వామి పేరేనని మా రూమ్మేట్ అంటాడు. నిజమేనా? ఇక్కడ మనవాళ్లు ఎవరెవరు ఉండేవారు?

జవాబు (మాంబళం టీచరమ్మ):
కాదు బాబూ. అది పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరు. దేవాంగుల బిడ్డ, ఇంట్లో మాట తెలుగే. 1916లో బ్రాహ్మణేతరుల కోసం పెట్టిన జస్టిస్ పార్టీకి పునాది వేసిన పెద్దల్లో ఒకరు. 1920 ఎన్నికల్లో పార్టీ గెలిచినా ముఖ్యమంత్రి పదవి వద్దన్నారు. నాకు మాత్రం ఆయనంటే గౌరవం ఇంకొకందుకు. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టించారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. పొద్దున ఏమీ తినకుండా వచ్చి, పదకొండింటికల్లా బల్ల మీద తల వాల్చేసే పిల్లల్ని చూశాను. అందుకే ఆ పేరు పలికినప్పుడల్లా దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నువ్వు దిగే పార్కు పానగల్ రాజా రామారాయణింగారి పేరు మీదిది. కాళహస్తివారు, 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రి. మాంబళం చెరువు పూడ్చి ఈ నగర్ కట్టింది ఆ రోజుల్లోనే.

ఇక బజుల్లా రోడ్డు. ఎన్టీఆర్ గారి ఇల్లు అక్కడే. చిన్నప్పుడు తెల్లవారకముందే పాలకు వెళ్తుంటే తిరుపతి నుంచి వచ్చిన బస్సులు వరసగా ఆగి ఉండేవి. కొత్త గుండ్ల మీద గంధం ఇంకా పచ్చిగానే ఉండేది. ఓసారి ఒకావిడ నా చేతిలో లడ్డూ ముక్క పెట్టి, "నువ్వు రోజూ చూస్తావా అమ్మా ఆయన్ని?" అని అడిగింది. చూస్తానని అబద్ధం చెప్పాను. ఆవిడ నా బుగ్గ నిమిరి ఆ చెయ్యి కళ్లకద్దుకుంది.

జవాబు (పాత మద్రాసువాడు):
టీచరమ్మ గారూ, చిన్న సవరణ. అప్పట్లో ఆ పదవిని ముఖ్యమంత్రి అనేవారు కాదు, ఫస్ట్ మినిస్టర్ లేదా ప్రీమియర్ అనేవారు. ఇంకో మాట, ఘంటసాల గారి ఇల్లు ఉస్మాన్ రోడ్డులోనే ఉండేది.

నెల్లూరు కుర్రాడు:
చాలా థాంక్స్ అండీ. త్యాగరాయ శెట్టి గారి విగ్రహం ఎక్కడైనా ఉందా?

మాంబళం టీచరమ్మ:
కార్పొరేషన్ ఆఫీసు ఉండే రిపన్ బిల్డింగ్ దగ్గర ఉంది నాయనా. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే పక్కనే. ఈసారి ఊరెళ్లేటప్పుడు ఒక అరగంట ముందు బయల్దేరు.