ఆగం, ఆగమాగం: బాయికాడ విన్న తేడా

నిన్న ఒక సోదరి అడిగిన ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాయాలనిపించింది. తాము చదువుతున్న ఒక తెలంగాణ కథలో “ఇల్లంత ఆగమాగం అయింది” అన్న మాట వచ్చిందనీ, ఆగం అంటే నాశనం కదా, మరి ఆ కుటుంబం సర్వనాశనమైందని అర్థం చేసుకోవాలా అనీ వారు అడిగారు. “గందరగోళం అనుకుంటే చాలు” అని ఒక పెద్దలు జవాబిచ్చారు. ఆ జవాబు తప్పు కాదు. కానీ ఈ మాటను పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లకు అందులో ఇంకొకటి కూడా వినిపిస్తుంది.

మేము పెరిగింది అప్పటి వరంగల్ జిల్లాలోని పరకాల వైపు, ఊరికి దూరంగా ఉన్న బాయికాడి ఇంట్లో. మా వైపు పొలానికి పోవడాన్ని “బాయికాడికి పోవుడు” అంటారు. బావి ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న మడులు, పసుల కొట్టం, గడ్డివాము అన్నీ కలిసి బాయికాడ. ఆ ఇంట్లో ఏ రోజు చూసినా ఒకటే పని: పేడ తియ్యడం, కుడితి పెట్టడం, పాలు పిండడం, మళ్లీ పేడ తియ్యడం. అందుకే ఆ వరుస చెదిరిన నాలుగైదు రోజులు నాకు నిన్న జరిగినట్టుగా గుర్తున్నాయి.

అందులో మొదటిది 1986 వానాకాలం నాటిది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాట్లు పడుతున్న రోజులు. మధ్యాహ్నం పూట మా తమ్ముడు ఒడ్ల మీద నుంచి ఉరికివచ్చి “బాపూ, పడ్డ బాయిల వడ్డదే!” అని అరిచాడు. ఈనని బర్రెను పడ్డ అంటాం కాబట్టి అందులో పొరపాటు లేదు గాని, రెండు ‘పడ్డ’లు ఒకదాని మీద ఒకటి పడేసరికి మా బాపుకు (నాన్నకు) ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని పార అక్కడే వదిలి ఉరికాడు. నాటు వేస్తున్న ఆడవాళ్లు బురద చేతులతోనే వచ్చారు. పక్క బాయికాడి నుంచి ఇద్దరు మొగవాళ్లు వచ్చారు. ఎవరు ఎవరిని పిలిచారో తెలియదు, బావి చుట్టూ ఇరవై మంది నిలబడ్డారు.

ఇద్దరు మనుషుల ఎత్తు కింద నీళ్లలో పడ్డ ఈదుతోంది. ముక్కు రంధ్రాలు, కొమ్ములు మాత్రమే పైన కనిపిస్తున్నాయి. మా కాక (బాబాయి) నీళ్లలోకి దూకి, దాని పొట్ట కింద గోనె సంచులు పెట్టి, వాటి మీదుగా మోకు చుట్టాడు; సంచులు లేకపోతే మోకు ఒరిసి తోలు ఊడివచ్చేది. అది ఎడ్లతో బావి నీళ్లు తోడిన మోట నాటి మోకు. కరెంటు మోటరు వచ్చి నాలుగేళ్లయినా, దానిని పారేయడానికి మనసు ఒప్పక మా నాయనమ్మ అటక మీద దాచిపెట్టింది. ఆ మోకు కొసను ఎడ్లకు కట్టారు. ఒకప్పుడు మోట కొట్టిన ముసలి ఎడ్లే అవి. అదిలించే పని లేకుండానే, పాత మోట దారి వెంట మెల్లగా వాలులోకి దిగడం మొదలుపెట్టాయి. నాలుగేళ్లుగా మానేసిన పని వాటికి అంత బాగా గుర్తుండడం ఆ రోజు నన్ను ఆశ్చర్యపరిచింది, ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా చెవిలో మిగిలిన మాటలు మాత్రం నాయనమ్మవి. దరి మీద నిలబడి, కొంగు నడుముకు చుట్టి, ఆమె ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నది: “ఆగంగాకుండ్రిరా, నిదానంగ గుంజుండ్రి.” పడ్డ పైకి వచ్చి, నాలుగు కాళ్ల మీద నిలబడి, ఒళ్లు దులుపుకొని, ఏమీ జరగనట్టు గడ్డి వైపు నడిచింది. పొద్దుమీకినాక అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చాయ పోస్తూ, అదే నాయనమ్మ “పొద్దుగాల సంది ఏం లేదు, ఒక్క గడియల ఆగమాగం అయిపాయె” అని నవ్వుతూ చెప్పింది. అందరూ ఆ గడియను తలా ఒక రకంగా మళ్లీ చెప్పుకున్నారు. నీళ్లలోకి దిగిన కాక కన్నా, దరి మీద నిలబడి చూసినవాళ్లే ఎక్కువ చెప్పారు. మేము పిల్లలం నిద్రపోకుండా విన్నాం.

జరుగుతున్నప్పుడు ఆమె హెచ్చరిక “ఆగం కాకుండ్రి”, గండం గడిచాక అదే ఆమె నోట “ఆగమాగం.” నేను చెప్పాలనుకున్న తేడా ఇక్కడ ఉంది.

“ఆగమైండు” అంటే చెడిపోయాడు, దిక్కులేనివాడయ్యాడు, బతుకు దారి తప్పింది. “పంట ఆగమైంది” అంటే ఆ పంట మళ్లీ చేతికి రాదు. “ఆగం కాకు” అని వద్దన్నప్పుడు మాత్రం తొట్రుపడకు, ధైర్యం పోగొట్టుకోకు అని అర్థం. ఆ హెచ్చరిక వెనుక కూడా చేయి దాటిపోతుందన్న భయమే ఉంటుంది. “ఆగమాగం” అలాంటిది కాదు. అందరూ ఒక్కసారి లేచి, తలా ఒక దిక్కు ఉరికి, ఎక్కడి పని అక్కడ వదిలేసి, పొద్దుమీకేలోపు మళ్లీ ఎవరి చోటికి వాళ్లు చేరే స్థితి అది. “ఆగమాగం ఉరికొచ్చిన” అని క్రియకు ముందు పెట్టి కూడా వాడతాం. అక్కడ నాశనం అన్న అర్థానికి చోటే లేదు. “పిల్లలు ఇల్లంత ఆగమాగం జేసిండ్రు” అన్నప్పుడు నష్టం ఉన్నా, అది సర్దుకుంటే పోయే నష్టం.

ఒక మాటను రెండుసార్లు అంటే అర్థం రెట్టింపు కావాలి కదా అని అడగవచ్చు. వ్యాకరణంలో ద్విరుక్తి అని చెప్పుకునే ఈ పద్ధతి “వేడివేడి” అన్నప్పుడు అర్థాన్ని పెంచే మాట నిజమే. కానీ “పుల్లపుల్లగా ఉంది” అంటే పులుపు పెరగదు, నోటికి హితవుగా కాస్త తగ్గుతుంది. “ఇంటింటికి, ఊరూరికి” అన్నప్పుడు పెరగడమూ తగ్గడమూ కాదు, పంచుకోవడం. ఆగమాగంలో నాకు వినిపించేది ఈ పంపకమే: ఒక్కరి నెత్తిన పడితే ఆగం, పదిమందీ పంచుకుంటే ఆగమాగం.

చెరువు మత్తడి దుంకిన, అంటే నిండి అలుగు మీదుగా పారిన, రోజు కూడా మా ఊళ్లో ఇదే మాట వినిపించేది. పాకాల, రామప్ప వంటి కాకతీయుల నాటి పెద్ద చెరువులతో పోలిస్తే మాది చిన్న కుంట. అయినా మత్తడి దుంకిందని తెలియగానే బడి పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఆగమాగం ఉరికేవాళ్లం. ఎదురెక్కే చేపల కోసం కొందరు, ఉత్తగా చూడడానికి ఇంకొందరు.

ఇక నాయనమ్మ కొడుకు, అంటే మా బాపు, ఈ మాటను ఒంటిగా వాడడం నేను ఒక్కసారే విన్నాను. 1997-98లో మా జిల్లాలో పత్తికి పురుగు పట్టి, మందుల అప్పులు మోయలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడు మాదీ పత్తే. చేను నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చుని “ఈయేడు ఆగమైనం” అన్నాడు. ఎవరూ ఉరకలేదు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ మాటను అక్కడ రెండుసార్లు అనడం ఎవరి వల్లా కాదు.

దగ్గరి మాటలతో కూడా కలపవద్దని మనవి. లొల్లి అంటే నోటితో చేసేది. బుగులు లోపల గుబులుగా ఉండేది. గత్తర ఒకప్పుడు కలరా పేరు. ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసిన ఆ రోగం పేరు ఇప్పుడు అలజడికి వాడుకగా మారింది. ఆగమాగం ముఖ్యంగా కాళ్లతో చేసేది. సంస్కృతంలోని ఆగమం, అంటే రాక, శాస్త్రం అన్న అర్థాలు, ఈ వాక్యాల్లో ఎక్కడా పొసగవు. “మేము ఆగం” అన్నప్పుడు వచ్చేది ఆగు అనే క్రియకు వ్యతిరేక రూపం. అది వేరే మాట, చదివేటప్పుడు సందర్భం చూసుకోవాలి.

కాబట్టి సోదరీ, మీ కథలోని ఆ ఇల్లు కూలలేదు. తర్వాతి పేజీలో ఎవరో చాయ పోస్తూ ఉంటారని నా నమ్మకం.

చేర్పు: ఆ పడ్డ ఏమైందని ఇద్దరు అడిగారు. ఆ తరువాత మా కొట్టంలోనే మూడు ఈతలు ఈనింది. ఎంత తోలినా బావి వైపు మాత్రం మళ్లీ పోలేదు.